కారు బ్రేకు ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా?

"నిర్మల్ దగ్గర ఘాట్ దిగుతుంటే బ్రేకు మెత్తబడింది, ఎందుకు?" "సర్వీసులో బ్రేకు ఆయిల్ మార్చామన్నారు, నిజంగా మార్చారో లేదో ఎలా తెలుస్తుంది?" "నేనే మార్చుకోవచ్చా?" ఈ మూడు ప్రశ్నలు ఎవరో ఒకరు అడగని నెల లేదు. మూడింటికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

మార్చుకోవచ్చు. చక్రం విప్పి బిగించడం వచ్చి, చెప్పిన మాట చెప్పినట్టు వినే ఒక తోడు మనిషి ఉంటే ఇది ఒక పూట పని. కష్టమంతా వరుస తప్పకుండా చేయడంలోనే ఉంది. పానా పట్టుకునే ముందు ఒకసారి చివరిదాకా చదవండి.

ఇక్కడ రాసినది మామూలు హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) బ్రేకులున్న పెట్రోలు, డీజిలు కార్లకు. హైబ్రిడ్ కార్లలోనూ, బ్రేకు ఒత్తిడిని కంప్యూటరే నడిపే కొన్ని కొత్త కార్లలోనూ స్కానర్ (కారు కంప్యూటరుకు తగిలించే పరీక్ష పరికరం) లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. అవి సర్వీసు సెంటరుకే.

1. మార్చే సమయం వచ్చిందా?

చాలా కార్ల పుస్తకాలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. కొన్ని కిలోమీటర్ల లెక్క కూడా ఇస్తాయి, ఏది ముందు వస్తే దాన్నే పాటించాలి. "మా కారు షెడ్డులోనే ఉంటుంది, తిరిగింది తక్కువ" అనే మాట ఇక్కడ చెల్లదు. ఈ ఆయిల్ తిరగకపోయినా పాతబడుతుంది.

రెండేళ్ల లెక్క గుర్తుండడానికి మనకు మేడారం జాతర ఉంది. అదీ రెండేళ్లకోసారే, సరి సంఖ్య వచ్చే ఏడాదుల్లో, మాఘమాసంలో. కాబట్టి జాతరకు ముందు వచ్చే దసరా దాటాక, సంక్రాంతి లోపు ఈ పని పెట్టుకోండి. వానలు వెనకబడి ఉంటాయి, గాలిలో తేమ తక్కువ. పైగా ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా ఆ రద్దీలో గంటల తరబడి బ్రేకు తొక్కుతూ వెళ్లే ముందే పని పూర్తవుతుంది.

తేమ గురించి ఎందుకంత పట్టింపు అంటే, పేరుకు ఆయిల్ అంటున్నాం కాని ఇది నూనె కాదు. గ్లైకాల్ జాతి ద్రవం. బానెట్ కింద ఈ ఆయిల్ నిలవుండే డబ్బా మూత నుంచీ రబ్బరు గొట్టాల గోడల నుంచీ గాలిలోని తేమను నెమ్మదిగా పీల్చుకుంటుంది. ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 4 (డాట్ అంకె బ్రేకు ఆయిల్ రకాన్ని చెబుతుంది) కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అందులో నీరు 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3కి ఈ అంకెలు 205, 140.

ఘాట్ రోడ్డులో పై గేరులో దిగుతూ, కాలు బ్రేకు మీదే ఉంచితే చక్రం దగ్గర వేడి ఆ హద్దును అందుకోగలదు. నీరు ఆవిరవుతుంది. ద్రవం ఒత్తిడికి కుదించుకుపోదు కాబట్టే బ్రేకు పడుతుంది, ఆవిరి మాత్రం కుదించుకుపోతుంది. పెడల్ నేలకు ఆనుతుంది, బండి ఆగదు. మొదటి ప్రశ్న అడిగినవారికి జవాబు చాలావరకు ఇదే. ఆయిల్ మార్చడంతో పాటు ఘాట్‌లో గేరు తగ్గించి దిగడం కూడా అలవాటు చేసుకోవాలి.

రంగు చూసి తేల్చకండి. డికాషన్‌లా నల్లబడితే పాతదని నిశ్చయంగా చెప్పవచ్చు కాని, తేటగా ఉన్నంత మాత్రాన నీరు లేదని కాదు. దీపాలు వెలిగే పెన్నులాంటి పరీక్ష పరికరాలు దొరుకుతున్నాయి. వాటి మాట సూచనగా తీసుకోండి, తీర్పుగా కాదు.

ఇంకో రెండు సందర్భాలున్నాయి. 2023 జూలై వరదల్లో హనుమకొండలోని నయీంనగర్ లాంటి చోట్ల నీరు ఇళ్లలోకే వచ్చింది. అలా చక్రాలు మునిగేంత నీటిలో నిలిచిన కారుకు తేదీతో పని లేకుండా మార్చాలి. ఇక డబ్బాలో మట్టం తగ్గితే, పైన పోసి మూత పెట్టేయకండి. ప్యాడ్లు (డిస్కును నొక్కి పట్టే బిళ్లలు) అరిగినకొద్దీ మట్టం దిగడం సహజం, ముందు ప్యాడ్లు చూడండి. ప్యాడ్లు బాగుండీ మట్టం తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే. అది కట్టడి చేయకుండా కొత్త ఆయిల్ పోయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

2. ఏ సీసా కొనాలి?

డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 3 అని ఉన్నచోట డాట్ 4 పోయవచ్చు. డాట్ 4 అడిగిన కారులో డాట్ 3 పోయకూడదు. డాట్ 5.1 కూడా గ్లైకాల్ జాతిదే. కాని డాట్ 5 అనేది సిలికాన్, అది మన కార్లకు పనికిరాదు, మిగతావాటితో కలవదు. ఆ చుక్కా ఒకటీ చూసి కొనండి.

చిన్న కారుకు లీటరు సరిపోతుంది, కొంత మిగులుతుంది. ఒక లీటరు సీసా బదులు రెండు అర లీటరు సీసాలు కొనడం నా అలవాటు. రెండోది అవసరమైనప్పుడే తెరుస్తాను. మూత కింద రేకు సీలు చెక్కుచెదరకుండా ఉండాలి. పెద్ద క్యాను నుంచి విడిగా పోసి ఇస్తామంటే వద్దనండి. పోయినసారి తెరిచి మిగిల్చిన సీసా కూడా వద్దు. అటక మీద రెండు వానకాలాలు గడిపిన సీసాలో కొత్త ఆయిల్ ఏమీ మిగిలి ఉండదు.

ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ ఒక్క చుక్క కూడా ఇందులో పడకూడదు. వాటికి బ్రేకులోని రబ్బరు వాచర్లు ఉబ్బిపోతాయి. ఇంజిన్ ఆయిల్ పోసిన గరాటును తుడిచి వాడదామనుకోకండి, కొత్తది కొనండి.

3. సామాను

- సీలున్న బ్రేకు ఆయిల్, మొత్తం లీటరు
- గాలి, పాత ఆయిల్ బయటికి వదిలే చిన్న బోలు మర అయిన నిపుల్‌కు సరిపోయే రింగు పానా (8 లేదా 10 మి.మీ. చాలావాటికి సరిపోతుంది, ముందే పెట్టి చూసుకోండి)
- నిపుల్ మీద బిగుతుగా కూర్చునే తేట ప్లాస్టిక్ గొట్టం, మీటరు పొడవు
- కొలత గీతలున్న తేట సీసా, మూతకు గొట్టం పట్టే రంధ్రం
- కొత్త 50 మి.లీ. సిరంజి, మందుల దుకాణంలో దొరికేదే
- జాకీ, కనీసం రెండు స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మెలు
- చేతి తొడుగులు, కళ్లద్దాలు
- పోగులు రాలని పాత నూలు గుడ్డలు
- ఒక బకెట్ నీళ్లు, మగ్గు
- బ్రేకు పెడల్ కింద పెట్టడానికి చెక్కముక్క

నీళ్ల బకెట్ చూసి నవ్వకండి. ఈ ఆయిల్ పెయింటును తినేస్తుంది. బానెట్ మీద చుక్క పడితే గుడ్డతో రుద్దకుండా వెంటనే నీళ్లు గుమ్మరించాలి. రుద్దితే మచ్చ పెద్దదవుతుంది.

4. ముందురోజు సాయంత్రం

నాలుగు చక్రాల దగ్గరా నిపుల్ ఎక్కడుందో చూసి పెట్టుకోండి. ముందు డిస్కు బ్రేకులకు కాలిపర్ (ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) పై భాగంలో, వెనక డ్రమ్ములకు లోపలి వైపు పళ్లెం మీద, రబ్బరు టోపీ కింద ఉంటుంది. వెనకవాటి మీద వానకాలపు బురద గట్టిపడి ఉంటుంది. వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. స్ప్రే డిస్కు మీద, ప్యాడ్ల మీద పడనీయకండి.

పొద్దున రింగు పానాతో కొద్దిగా కదిపి చూడండి. నిపుల్ లోపల బోలుగా ఉంటుంది, మొండిగా లాగితే విరుగుతుంది. విరిగితే మీ ఒక పూట పని మెకానిక్ రెండు రోజుల పని అవుతుంది. కదలకపోతే పని అక్కడే ఆపి ఆటోనగర్ దారి పట్టండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. రెండువైపులా నోరు తెరిచిన పానా మాత్రం వద్దు, మూలలు అరగదీస్తుంది.

5. కారును నిలబెట్టడం

చదునైన గచ్చు మీద నిలపండి. ఎత్తని చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. గేరు వేసి ఉంచండి, వెనక చక్రాల పని చేసేటప్పుడు హ్యాండ్‌బ్రేకు వదిలేయాలి. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి స్టాండు. పుస్తకంలో చూపిన చోటే స్టాండు పెట్టి, కారును రెండు చేతులతో ఊపి చూడండి. ఇటుకలు పేర్చి పని కానిచ్చేవారిని చూశాను. ఇటుక చెప్పకుండా పగులుతుంది.

కొన్ని పాత కార్లకూ వ్యాన్లకూ వెనక ఇరుసు దగ్గర బరువును బట్టి ఒత్తిడి మార్చే వాల్వు ఉంటుంది. చక్రాలు గాలిలో వేలాడితే అది దారి మూసేస్తుంది, ఆయిల్ సన్నగా వస్తుంది. అలాంటి బండికి చక్రాల మీద బరువు ఉంచి, ర్యాంపు మీద చేయించడమే మేలు.

6. ముందు డబ్బా సంగతి

ఇంజిన్ ఆపి, తాళం తీసి పక్కన పెట్టండి. పెడల్ నాలుగైదుసార్లు తొక్కి బూస్టరులో (కాలి బలాన్ని పెంచే భాగం) మిగిలిన బలం తీసేయండి.

డబ్బా మూత చుట్టూ దుమ్ము తుడిచాకే తెరవండి. ఒక్క ఇసుక రేణువు లోపల పడినా సీళ్లను గీరుతుంది. సిరంజితో పాత ఆయిల్ లాగండి, కాని అడుగున కొద్దిగా వదలండి, రంధ్రాలు బయటపడకూడదు. అప్పుడు కొత్త ఆయిల్ గరిష్ఠ గీత దాకా నింపి, మూత బిగించకుండా పైన పెట్టి ఉంచండి.

చాలాచోట్ల "మార్చాం" అంటే ఇంతే. నా సొంత కారుకే ఒక గ్యారేజీలో ఇలా డబ్బా వరకు లాగి, కొత్తది పోసి, పూర్తి మార్పిడికి బిల్లు వేశారు. ఇంటికొచ్చి చక్రం విప్పి చూస్తే నిపుల్ టోపీల మీద బురద అలాగే గట్టిపడి ఉంది. పైప్‌లలోనూ కాలిపర్లలోనూ ఉన్న పాత ఆయిల్ అక్కడే ఉంది. రెండో ప్రశ్న అడిగినవారు చూడాల్సింది ఆ టోపీలే.

కొన్ని కార్లలో క్లచ్ కూడా ఇదే డబ్బా నుంచి తీసుకుంటుంది. పుస్తకం చూసి, అలా ఉంటే దాని నిపుల్ దగ్గరా ఇదే పని చేయాలి.

7. ఏ చక్రం ముందు?

మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే భాగం) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. మన కార్లలో స్టీరింగు కుడివైపు, మాస్టర్ సిలిండర్ కూడా ఎక్కువగా కుడివైపే. కాబట్టి మామూలు వరుస:

- వెనక ఎడమ
- వెనక కుడి
- ముందు ఎడమ
- ముందు కుడి

మీ కారు పుస్తకం వేరే వరుస చెబితే దాన్నే పాటించండి. బ్రేకు లైన్లు అడ్డంగా పోయే కార్లకు కొన్ని కంపెనీలు వేరే వరుస ఇస్తాయి.

8. తొక్కు, పట్టు, వదులు

అసలు పని ఇది. నిపుల్ టోపీ తీసి, ముందు రింగు పానా ఎక్కించి, తరువాత గొట్టం తొడగండి. గొట్టం నిపుల్ నుంచి ముందు కొద్దిగా పైకి లేచి, ఆపై కిందికి దిగాలి. బుడగలు తిరిగి నిపుల్‌లోకి పోకుండా ఉంటాయి. సీసా అడుగున రెండు వేళ్ల మందం కొత్త ఆయిల్ పోసి, గొట్టం కొస అందులో మునిగేలా పెట్టండి.

లోపల కూర్చున్న మనిషికి మూడే మాటలు నేర్పండి.

- మీరు "తొక్కు" అంటే వారు పెడల్‌ను నెమ్మదిగా, ఒకే బలంతో తొక్కి "పట్టాను" అనాలి.
- ఆ మాట విన్నాకే మీరు నిపుల్‌ను పావు నుంచి అర చుట్టు వదులు చేయాలి. ఆయిల్ వస్తుంది, పెడల్ కిందికి దిగుతుంది. వారు కాలు ఎత్తకూడదు.
- ప్రవాహం తగ్గుతుండగానే నిపుల్ బిగించండి.
- బిగించాక మాత్రమే "వదులు" అనండి. అప్పుడు వారు నెమ్మదిగా కాలు ఎత్తాలి.

నిపుల్ తెరిచి ఉండగా కాలు లేస్తే గాలి లోపలికి పోతుంది. మొదటిసారి నేను ఈ పని చేసినప్పుడు మా బావమరిదిని కూర్చోబెట్టాను. సరిగ్గా నిపుల్ తెరిచినప్పుడు అతని ఫోను మోగింది. ఫోను జేబులోంచి తీయడానికి కాలు ఎత్తాడు. గొట్టంలో బుడగలు వెనక్కి పరుగెత్తడం కళ్లారా చూశాను. అరగంట పని మూడు గంటలైంది. అప్పటి నుంచి తోడు వచ్చేవారి ఫోను ఇంట్లోనే ఉండాలన్నది నా నియమం.

పెడల్ కింద చెక్కముక్క ఎందుకంటే, రోజువారీ బ్రేకులో పెడల్ నేలదాకా వెళ్లదు. మాస్టర్ సిలిండర్ లోపల ఆ చివరి భాగం ఏళ్ల తరబడి వాడుక లేక గరుకుగా ఉంటుంది. ఇప్పుడు నేలకు తొక్కితే సీలు అక్కడ గీరుకుపోతుంది. పాత కార్లలో "ఆయిల్ మార్చాకే బ్రేకు పాడైంది" అనే ఫిర్యాదుకు ఇది పెద్ద కారణం.

ప్రతి ఐదారు తొక్కులకు లేచి డబ్బా చూడండి. కనిష్ఠ గీత దగ్గరికి రాకముందే నింపండి. ఈ ఒక్క మాట మరిచిపోతే మిగతా శ్రమంతా వృథా.

9. ఒక్కరే ఉంటే

నిపుల్ తెరిచి, గొట్టం కొసను కిందికి పెట్టి, ఆయిల్ తన బరువుకు తాను కారేలా వదలవచ్చు. నెమ్మది, కాని నమ్మకమైన పద్ధతి. డబ్బా మీద కన్ను తీయకూడదు. చేత్తో లాగే వాక్యూమ్ పంపు కూడా ఉంది. దాంతో చేసేటప్పుడు గొట్టంలో సన్నని బుడగలు ఆగకుండా వస్తుంటే కంగారు పడకండి. అవి చాలాసార్లు నిపుల్ మర చుట్టూ లోపలికి వచ్చే బయటి గాలే. ఇద్దరు చేసే పద్ధతే నాకు ఎక్కువ నచ్చుతుంది, పెడల్ సంగతి కాలికి అక్కడికక్కడే తెలుస్తుంది.

10. ఎప్పుడు ఆపాలి?

గొట్టంలో తేట ఆయిల్, బుడగ లేకుండా వచ్చేదాకా. పాతదీ కొత్తదీ ఒకే రంగులో ఉంటే కొలత మీద ఆధారపడండి. చిన్న కారుకు నేను మొదటి చక్రం దగ్గర 200 నుంచి 250 మి.లీ., మిగతావాటి దగ్గర 100 నుంచి 150 మి.లీ. తీస్తాను.

ఒక చక్రం అయ్యాక నిపుల్ బిగించి, నీళ్లు చల్లి తుడిచి, రబ్బరు టోపీ పెట్టి, అప్పుడు రెండోదానికి వెళ్లండి. బిగింపు చాలా కార్లలో 10 న్యూటన్ మీటర్లకు అటూఇటూగా, అంటే చిన్న పానాతో మణికట్టు బలానికే ఉంటుంది. భుజం బలం వద్దు.

11. తేడా వస్తే

పెడల్ స్పాంజిలా ఉంది: గాలి మిగిలింది. అదే వరుసలో మళ్లీ తీయండి. ఎన్నిసార్లు తీసినా తీరకపోతే ముందు కాలిపర్లు చూడండి. ఎప్పుడో మరమ్మతులో ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగిస్తే నిపుల్ పైన ఉండాల్సింది కింద ఉంటుంది. గాలి పైన చిక్కుకుని ఎన్నటికీ బయటికి రాదు.

పెడల్ గట్టిగానే ఉంది కాని చాలా కిందికి దిగి పడుతోంది: గాలి కాకపోవచ్చు. వెనక డ్రమ్ముల లైనర్ల సర్దుబాటు వదులైంది, దాన్ని సరిచేయాలి.

తొక్కి పట్టుకుంటే పెడల్ నెమ్మదిగా జారిపోతోంది: ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ సీలు పోయింది. కారు బయటికి తీయకండి.

డబ్బా ఖాళీ అయిపోయింది: నింపి, నాలుగు చక్రాలూ మళ్లీ మొదటి నుంచి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నింటికీ ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. ఆ యూనిట్‌లోకి గాలి పోతే ఇంట్లో తీయడం కష్టం. స్కానర్‌తో దాని లోపలి వాల్వులను, పంపును నడిపించి తీయాలి. పెడల్ గట్టిపడకపోతే కారును నడిపి కాదు, మరో బండి మీద ఎక్కించి సర్వీసుకు పంపండి.

ప్యాడ్ల మీద ఆయిల్ పడింది: పీల్చుకుంటే కడిగినా పోదు, ఆ ఇరుసుకు రెండు వైపులా ప్యాడ్లు మార్చాలి.

12. రోడ్డెక్కే ముందు

- డబ్బా గరిష్ఠ గీతకు మించకుండా నింపి, మూత బిగించారా?
- నాలుగు నిపుళ్లు బిగిసి, పొడిగా ఉన్నాయా?
- చక్రాల నట్లు కారు నేల మీదికి దిగాక చివరి బిగింపు పొందాయా?
- పెడల్ కింది చెక్కముక్క తీశారా?
- ఇంజిన్ ఆపి ఉండగా పెడల్ గట్టిగా నిలబడుతోందా?
- పెడల్ తొక్కి ఉంచి ఇంజిన్ వేస్తే కొద్దిగా దిగి ఆగుతోందా? ఆ కొద్దిపాటి దిగుడు బూస్టరు పని, అది మంచిదే.
- డాష్‌బోర్డులో బ్రేకు దీపం, ఏబీఎస్ దీపం ఆరిపోయాయా?

అన్నింటికీ అవును అనుకుంటే ఖాళీ వీధిలో నడక వేగంతో వెళ్లి ఆపండి. తరువాత 20, ఆపై 40 కిలోమీటర్ల వేగంతో. కారు ఒక పక్కకు లాగినా, పెడల్ మారినా ఇంటికి తిప్పండి. మొదటి రోజే జాతీయ రహదారి ఎక్కవద్దు.

13. పాత ఆయిల్

మోరీలో, చెట్టు మొదట్లో పోయకండి. ఇది విషం. మినరల్ వాటర్ సీసాలో పోసి షెడ్డులో పెడితే పిల్లలు టీ నీళ్లనుకుని నోట పెట్టుకునే ప్రమాదం ఉంది. ఖాళీ అయిన బ్రేకు ఆయిల్ సీసాలోనే పోసి, మూత బిగించి, "పాతది" అని రాసి, వాడేసిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో ఇవ్వండి. ఇంజిన్ ఆయిల్‌తో కలపకుండా ఇవ్వాలి.

ఆ రాత్రి కారు నిలిపేచోట నాలుగు చక్రాల కింద, బానెట్ కింద పాత అట్టముక్కలు పరచండి. పొద్దున మచ్చ లేకపోతే ఒకసారి డబ్బా మట్టం చూసి బయలుదేరండి. మచ్చ ఉంటే, ఏ అట్ట మీద ఉందో ఆ చక్రం నిపుల్ దగ్గరికే ముందు వెళ్లండి. పది సార్లలో తొమ్మిది సార్లు పావు చుట్టు తక్కువ బిగించి ఉంటారు.